నాలుగో జ్వరం

చౌడప్పను ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. మడకశిర చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఆకు ఎందుకు వాడిపోతోందని అడిగినవాడి చేతికి ఆయన చీపురిచ్చి షెడ్డంతా ఊడ్పించాడు. పట్టుగూళ్ళు ఎందుకు పలచబడ్డాయని అడిగినవాణ్ణి మల్బరీ తోటలో ఒక పూటంతా నిలబెట్టాడు. ఊడ్చినవాడూ నిలబడ్డవాడూ గొణుక్కుంటూ పోయి, వారం తిరక్కుండా నవ్వుకుంటూ తిరిగొచ్చారు. నలభై ఏళ్ళుగా నోరులేని పురుగులతో కాలం గడిపిన మనిషికి మాటల మీద పెద్ద నమ్మకం లేదు.

ఆయన శిష్యుల్లో తిప్పేస్వామి కాస్త ఆలస్యంగా చేరినవాడు. ఇరవై ఏళ్ళు లారీ నడిపి, నడుము పట్టేశాక ఊరికొచ్చి ఎకరన్నర మల్బరీ పెట్టాడు. ఇప్పటికి రెండు పంటలు తీశాడు, రెండూ గురువు పక్కనుండి తీయించినవే. మనిషి మంచివాడు, కష్టజీవి. ఒకటే లోపం, ఊరకే కూర్చోవడం చేతకాదు. స్టీరింగు వదిలేసినా చేతులు మాత్రం ఏదో ఒకటి తిప్పుతూనే ఉండేవి.

ఫిబ్రవరి నెలలో ఒక ఉదయం ఆయన చౌడప్ప షెడ్డుకు వచ్చాడు. సైకిలుమోటారు స్టాండు కూడా సరిగ్గా వేయలేదు.

"మామా, ఈ పొద్దు పురుగుల మాట కాదు. మా లిఖిత మాట," అన్నాడు.

లిఖిత ఆయన కూతురు. ఇంటర్ రెండో ఏడు, బైపీసీ. ఇంకో పాతిక రోజుల్లో పరీక్షలు, ఆ తర్వాత డాక్టరు చదువుకు ప్రవేశ పరీక్ష. మొన్నమొన్నటిదాకా ఇల్లంతా తానై తిరిగిన పిల్ల, పది రోజులుగా పుస్తకం ముందేసుకొని కిటికీ దగ్గర కూర్చుంటోంది. పేజీ తిరగడం లేదు. అడిగితే పలకడం లేదు. తిప్పేస్వామి తండ్రిగా చేయగలిగిందంతా చేశాడు. పిల్ల ఊరి చెక్కభజన జట్టులో ముందు వరసలో నిలబడి చిందేస్తుంది. చదువు అందుకే చెడుతోందని, ఆమె తాళం వేసే కొయ్య చెక్కల్ని తీసి అటక మీద పడేశాడు. హిందూపురం పోయి మోపెడు గైడ్లు తెచ్చాడు. ఫోనులో పాఠాలు పెట్టించాడు. పాత ప్రశ్నపత్రాలు కుట్టించి బల్ల మీద పెట్టాడు. గంటకోసారి తలుపు తోసి పాలగ్లాసు అందించి, ఎంతవరకు వచ్చిందమ్మా అని అడిగాడు.

"ఎంత పెడితే అంత బిగుసుకుపోతా ఉండాది మామా. ఇంక నావల్ల కాదు. ఆదివారం హాస్టల్లో వదిలేస్తా. ఆడ తెల్లారకముందే లేపి కూర్చోబెడతారంట. పెట్టె గూడా సర్దినా. వదలమంటావా, వద్దంటావా?"

అడిగిన గొంతులో కోపం ఉంది గానీ, దాని కింద ఉన్నది భయం. తిప్పేస్వామి కూడా ఒకప్పుడు ఇంటర్ చదివాడు. రెండో ఏడు మధ్యలో పుస్తకాలు మూసి, ఒక సాయంత్రం లారీ ఎక్కాడు. వద్దని చెప్పిన నోరు ఆ ఇంట్లో ఒక్కటీ లేకపోయింది. ఆ సాయంత్రం ఆయన్ని ఇంకా వదల్లేదు. తన కూతురికి అలాంటి సాయంత్రం రాకూడదు. వస్తే అడ్డంగా పడుకోవడానికి కూడా ఆయన సిద్ధమే.

చౌడప్ప అంతా విన్నాడు. కొక్కేనికి తగిలించిన కొత్త చొక్కా తీసి తొడుక్కుంటూ అన్నాడు:

"నేను అమరాపురం పెండ్లికి పోవల్ల. పురుగులు నాలుగో జ్వరంలో ఉండాయి. సాయంత్రందాకా ఈడ కూర్చో. చీమలు రానీకుండా చూడు, కిటికీలు తెరిచిపెట్టు. ఇంకేమీ చేయొద్దు."

ప్రశ్నకు పని వచ్చింది. తిప్పేస్వామి నిట్టూర్చి తాళంచెవి పుచ్చుకున్నాడు.

పట్టుపురుగు గూడు కట్టేలోగా నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్నే పెంచేవాళ్ళు జ్వరం అంటారు. ఒళ్ళు వేడెక్కడం లాంటిదేమీ ఉండదు, ఆ వేడంతా చూసేవాడిదే. నాలుగో జ్వరం అన్నిటికన్నా పెద్దది, ఒకటిన్నర రోజు పడుతుంది. అప్పుడు ఆకు ఆపేయాలి. పడక మీద సున్నప్పొడి చల్లాలి, గాలి ఆడనివ్వాలి. అన్నీ లేచేదాకా, లేచినవాటికి కూడా ఆకు వేయకూడదు. ఇదంతా తిప్పేస్వామి తలకు తెలుసు. చేతులకే ఇంకా తెలియదు.

చౌడప్ప వెళ్ళాక షెడ్డు నిశ్శబ్దమైపోయింది. స్టాండ్ల మీద అరలు అరలుగా వేల పురుగులు తలలెత్తుకొని, సున్నం కింద తెల్లగా, బిగుసుకొని ఉన్నాయి. తిప్పేస్వామి చీమల బారు ఒకటి కనిపెట్టి తరిమాడు. కిటికీలు తెరిచాడు. తెరిచినవి సరిగ్గా తెరుచుకున్నాయో లేదోనని మళ్ళీ చూసొచ్చాడు. గడియారం చూస్తే పదిన్నర. అప్పటికి ఆయన కూర్చున్నది పావుగంట.

మధ్యాహ్నానికి మూడో స్టాండు కింది అరలో అక్కడక్కడ పురుగులు లేచాయి. పాత చర్మం వెనక వదిలేసి, కొత్త పెద్ద తలలతో, మెత్తగా, ఆకు కోసం అటూ ఇటూ వెతుకుతున్నాయి. మూలన తడిగోనె కింద మల్బరీ కొమ్మలు పచ్చగా ఉన్నాయి. తిప్పేస్వామి కొమ్మల వైపు చూశాడు, పురుగుల వైపు చూశాడు. పాపం అనుకున్నాడు. ఆ ఒక్క మాటే ఆయన కొంప ముంచింది. ముందు రెండు కొమ్మలే వేశాడు. లేచినవి ఆవురావురుమని పాకి వచ్చి కొరుకుతుంటే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. తను పెట్టింది ఒక జీవి ఇష్టంగా తినడం చూసి పది రోజులైంది. ఆ సంబరంలో అర నిండా ఆకు పరిచేశాడు.

సాయంత్రం చౌడప్ప జుట్టులో అక్షింతలతో దిగాడు. గుమ్మంలో నిలబడే మూడో స్టాండు చూశాడు. తిట్టలేదు. వంగి ఒక కొమ్మ మెల్లగా ఎత్తాడు. దాని కింద ఇంకా జ్వరంలో ఉన్న పురుగులు తడి ఆకు బరువుకు అణిగి ఉన్నాయి. కొన్నిటికి చర్మం సగం వూడి నడుం దగ్గర చిక్కుకుపోయింది. అవి ముందుకు పోలేవు, వెనక్కి పోలేవు.

"లేచినవి ఆకలికి అల్లాడతా ఉంటే చూడలేకపోయినా మామా," అన్నాడు తిప్పేస్వామి.

"లేచినవి పది. నువ్వు ఆకేసింది అరకంతా."

అంతే అన్నాడు చౌడప్ప. పెళ్ళిలో ఇచ్చిన తాంబూలం సంచి దారం విప్పి ఆ అర కొయ్యకు కట్టాడు. "ఇది నీ అర. నాలుగు దినాలాగి వచ్చి చూసుకో."

"మరి నేనడిగిన మాట?"

"దానికీ నాలుగు దినాలే," అని చౌడప్ప కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

తిప్పేస్వామి ఇంటికి పోతూ దారి పొడుగునా గురువును తిట్టుకున్నాడు, తర్వాత తనను తిట్టుకున్నాడు. ఇల్లు చేరగానే హాస్టలుకు ఫోను చేశాడు. ఆదివారం రాలేమని చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. నోటికి ఏది వస్తే అదే అనేశాడు. "పిల్లకు జ్వరం సార్. నాలుగు దినాలాగి చెప్తా."

వంటింట్లో ఉన్న ఆయన భార్య అశ్వత్థమ్మ ఆ మాట విని, చేతిలో గరిట చేతిలోనే ఉండగా పరిగెత్తి పిల్ల నుదురు పట్టి చూసింది. వెనక్కి వచ్చి మొగుడి మీద మండిపడింది. "ఒళ్ళు చల్లగా ఉంటే జ్వరమంటావేమయ్యా!"

"ఇది ఒళ్ళు కాలే జ్వరం కాదులే," అన్నాడు తిప్పేస్వామి. హాస్టలు వాళ్ళకు తను చెప్పింది అబద్ధమో కాదో ఆయనకు తేలలేదు.

ఆ నాలుగు రోజులూ ఆయన పట్టిన పట్టు మామూలు పట్టు కాదు. బల్ల మీది గైడ్ల మోపు తీసి పక్క గదిలో పెట్టాడు. పాలగ్లాసు రోజుకు ఒక్కసారే లోపలికి పోయింది, అదీ మాట లేకుండా. లిఖిత గది కిటికీ ఇంకో రెక్క బిగుసుకుపోయి ఉంటే సుత్తితో కొట్టి తెరిచాడు. బావమరిది హిందూపురం నుంచి వచ్చి, "ఏమమ్మా, ర్యాంకు ఎంత కొడతావు?" అని గది వైపు అడుగు వేయబోతే, చెయ్యి పట్టి వాకిట్లోకి లాక్కొచ్చి, మల్బరీ తోట చూపిస్తానని ఎండలో రెండు గంటలు తిప్పాడు. పాపం ఆ బావమరిది మల్బరీ మాటెత్తితే ఇప్పటికీ జడుసుకుంటాడు.

అన్నిటికన్నా కష్టం మూడో రోజు. లిఖిత అదే కిటికీ దగ్గర, అదే పేజీ దగ్గర, అలాగే ఉంది. తిప్పేస్వామి ప్రశ్నపత్రాలు పట్టుకొని రెండుసార్లు గుమ్మందాకా పోయాడు. చర్మం సగం వూడి చిక్కుకుపోయిన ఆ పురుగులు కళ్ళ ముందు కదిలాయి. రెండుసార్లూ వెనక్కి వచ్చాడు. ఇరవై ఏళ్ళలో ఏ ఘాటు రోడ్డూ ఆయన్ని అంత చెమట పట్టించలేదు.

నాలుగో రోజు పొద్దున లిఖిత లేచి నేరుగా వంటింట్లోకి వచ్చింది. రాగిసంగటి ముద్ద ఒకటి తిని, ఇంకొకటి పెట్టించుకుంది. చెయ్యి కడుక్కుంటూ అంది:

"నాయనా, ఆ ప్రశ్నపత్రాలు యాడ పెట్టినావు? అన్నీ కావల్ల."

పిల్లే చెప్పింది. "శానా భయమేసింది నాయనా. ఏది చదివినా లోపలికి పోలేదు. ఇప్పుడు పోతా ఉండాది." తండ్రి కళ్ళలోకి చూసి, "పరీక్షలు బాగా రాస్తా. అయితే నాకు మనుషుల డాక్టరు వద్దు, పశువుల డాక్టరు చదువుకు పోతా. ఇన్ని దినాలూ నేను ఆలోచించింది అదే. హాస్టలుకు పోను, ఇంట్లోనే చదువుకుంటా. సాయంత్రం ఒక అర్ధగంట మాత్రం నా చెక్కలు నాకియ్యి," అంది. బతిమాలలేదు. నిదానంగా, ఖాయంగా చెప్పింది.

తిప్పేస్వామి ప్రశ్నపత్రాలు పరుగున తెచ్చిచ్చాడు. పశువుల డాక్టరన్న మాటకు గుటక మింగి, సరేలే అన్నాడు. పెట్టెలోని బట్టలు తీసి దండెం మీద వేశాడు. కానీ చెక్కల దగ్గర ఆయన ఆగిపోయాడు. పరీక్షలకు మూడు వారాలు. ఇప్పుడిప్పుడే దారిన పడ్డ పిల్ల, చెక్కలు చేతికొస్తే మళ్ళీ ఏమవుతుందో. ఇంట్లో ఉంటే ఆమె అడుగుతుంది, అడిగితే తను ఇచ్చేస్తాడు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. అందుకని పిల్ల చదువులో మునిగి ఉండగా నిచ్చెన వేసి అటకెక్కి, చెక్కలు దించి, తువ్వాల్లో చుట్టి, సైకిలుమోటారెక్కాడు.

చౌడప్ప షెడ్డు బయటికే వాన చప్పుడు వినిపించింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. లోపల జ్వరం వదిలిన పురుగులన్నీ ఒక్కసారిగా ఆకు కొరుకుతున్న చప్పుడది. వేసిన కొమ్మ వేసినట్టే మాయమవుతోంది. అన్ని అరల్లోనూ పురుగులు ఒక్క తీరుగా, వేలెడేసి పొడవున, నిండుగా ఉన్నాయి. దారం కట్టిన అరలో మాత్రం కొన్ని వేలంత, కొన్ని అగ్గిపుల్లంత. చాలాచోట్ల పడక ఖాళీగా ఉంది. చచ్చినవాటిని చౌడప్ప ఏరేశాడు.

తిప్పేస్వామి ఆ అర ముందు చాలాసేపు నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకొని, ఈ వైపు తిరిగి, మొహమంతా వెలుగుతుండగా చెప్పాడు. "లేచింది మామా! మా లిఖిత లేచింది!"

పొద్దున జరిగిందంతా చెప్పాడు. ఎన్ని ముద్దలు తిన్నదీ, ఏమేమి అడిగిందీ, చెక్కలతో సహా ఒక్కటీ వదలకుండా చెప్పాడు. చౌడప్ప కొమ్మలు పరుస్తూనే విన్నాడు. చివర తిప్పేస్వామి గొంతు తగ్గించి, చంకలోని తువ్వాలు మూట ముందుకు చాపాడు.

"ఒక చిన్న సాయం మామా. పరీక్షలయ్యేదాకా ఇవి నీ దగ్గర పెట్టుకో."

చౌడప్ప మూట విప్పి చెక్కలు చేతిలోకి తీసుకున్నాడు. పిల్ల వేళ్ళు ఆడి ఆడి వాటి అంచులు నున్నగా అరిగి ఉన్నాయి. ఒక్కసారి తాళం వేశాడు. ఆ చప్పుడుకు ఒక్క పురుగు కూడా మేత ఆపలేదు. మళ్ళీ తువ్వాల్లో చుట్టి, మూట తిప్పేస్వామి చేతుల్లో పెట్టాడు.

"లేచిన బిడ్డను ఇంట్లో పెట్టుకొని, ఆకు తెచ్చి నా షెడ్డులో దాస్తావా తిప్పేస్వామీ?"