మొటిమల మందుకి అయిదు వాటాలు

తుమ్మలకోడులో తెలివి ఎవరింట్లో ఉందని ఎవరైనా అడిగితే, అడిగినవాడు నోరు మూసేలోపే బుల్లెబ్బాయి చెయ్యెత్తేవాడు. "మా ఇంట్లోనే ఉందండి. మా అయిదుగురి దగ్గరా సమంగా ఉంది. పంచేసుకున్నాం" అనేవాడు.

పంచుకోవడమంటే ఆ ఇంటివాళ్ళకి అంత మోజు. ఏ పనొచ్చినా అయిదు వాటాలు వెయ్యాల్సిందే. చుట్టం గుమ్మంలోకి వస్తే "రండి" అనడం బుల్లెబ్బాయి వాటా. మంచినీళ్ళివ్వడం ఆయన పెళ్ళాం సూరాయమ్మ వాటా. కుశలం అడగడం పెద్దకొడుకు పోతురాజుది. జవాబు వినడం పెద్దకోడలు నాగరత్నానిది. నవ్వడం చిన్నకొడుకు మన్మథరావుది. అడిగినవాడు జవాబు వినడు, విన్న మనిషికి ప్రశ్నేంటో తెలీదు, నవ్వేవాడు ఎందుకు నవ్వుతున్నాడో వాడికే తెలీదు. చుట్టం బుర్ర గోక్కుంటూ వచ్చిన దారినే వెళ్ళిపోయేవాడు. "చూశారా, మన తెలివికి మనిషి నోట మాట పడిపోయింది" అని అయిదుగురూ మురిసిపోయేవాళ్ళు. ఆ మురిపెం మాత్రం ఎవరి వాటా వాళ్ళది కాదు, ఒక్కొక్కరికీ అయిదుగురి పాళ్ళూ ఉండేది.

ఈ కథ మన్మథరావుది. పేరు మన్మథుడిదే గానీ, పాపం, మొహం చూస్తే వాన వెలిసిన చేలో గేదెల మంద తొక్కి వెళ్ళినట్టుండేది. మామూలు మొటిమలు కావు. గోళీలంత గడ్డలు, ఒకటి చితికి ఒకటి పండి, రాత్రి దిండుకి చెంప ఆనిస్తే ప్రాణం జిల్లుమనేది. ఇరవై రెండేళ్ళ కుర్రాడు కళ్ళు మాత్రం కనపడేలా మొహానికి తువ్వాలు చుట్టుకుని తిరిగేవాడు.

ఆ తువ్వాలు వెనకాల ఒక కల ఉంది. రైసు మిల్లు పక్క గదిలో కుట్టుపని నేర్పుతారు. కాలవ అవతలి ఊరు నుంచి హైమావతి అనే అమ్మాయి అక్కడికి రోజూ వచ్చేది. ఆరు నెలల కోర్సు. ఆమె మిషను తొక్కుతుంటే ఆ చప్పుడు చినుకులు పడ్డట్టుండేది. దారం తెంపడానికి తల పక్కకి వంచితే, సాయంత్రపు వెలుగంతా ఆ చెవి రింగు మీదే వాలేది. మన్మథరావు మిల్లు గోడ పక్కన నిలబడి అనుకునేవాడు: ఈమె కోర్సు అయిపోయేలోపు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తువ్వాలు తీసి ఎదురుగా నిలబడి నా మనసులో మాట చెప్పెయ్యాలి.

అంతే, ఇంట్లోవాళ్ళని కాళ్ళావేళ్ళా పడి టౌనులో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. అయిదుగురూ వెళ్ళారు.

డాక్టరమ్మ మొహం చూసింది, రక్తం తీయించి చూసింది, క్యాప్సూళ్ళు రాసింది. "ఇది గట్టి మందు. ఆరు నెలలు వాడాలి. జాగ్రత్తలు వినండి. రోజుకొకటే, ఈ అబ్బాయి తప్ప ఇంకెవరూ మింగకూడదు. నెయ్యో నూనో ఉన్న భోజనం చేశాక వేసుకోవాలి, లేకపోతే ఒంటికి పట్టదు. ఎండలో తిరక్కూడదు. పెదాలు ఎండి పగులుతాయి, ఈ ఆయింట్‌మెంటు రాస్తుండాలి. కడుపుతో ఉన్నవాళ్ళు ఈ మందు ముట్టుకోకూడదు, బిడ్డకి చాలా ప్రమాదం. నెల తిరిగేసరికి మళ్ళీ రక్తపరీక్ష చేయించి కాగితం తెస్తేనే పై నెల మందు రాస్తాను."

"మీరు చెప్పింది చెప్పినట్టు చేస్తామండి. ఒక్క మాట పొల్లు పోదు" అన్నాడు బుల్లెబ్బాయి.

ఇంకేముంది! బస్సు దిగి ఇంటికి రాగానే అరుగు మీద కూర్చుని వాటాలు వేశారు.

"మింగడం తమ్ముడి వాటా. ఇంకెవరూ మింగకూడదంది కదా" అన్నాడు పోతురాజు. "నెయ్యీ నూనే తినడం నా వాటా. ఒళ్ళు వంచి చేస్తాను."

"ఎండలో తిరక్కుండా ఉండడం చాలా కష్టంరా. పెద్దవాణ్ణి, అది నేను చూసుకుంటాను" అన్నాడు బుల్లెబ్బాయి.

"పెదాలకి రాయడం నాకిచ్చెయ్యండి" అంది సూరాయమ్మ.

"మరి నాకో, అత్తయ్యా?" అంది నాగరత్నం. "ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళెవరూ లేరుగా!"

"ఎందుకు లేరే! మన గేదె చూడిది కాదూ? దాన్ని దూరంగా ఉంచడం నీ వాటా."

మన్మథరావుకి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. తన ఒక్క మొహం కోసం ఇంటిల్లిపాదీ ఎంత కష్టపడుతున్నారో! ఇలాంటి ఇల్లు ఎవరికుంటుంది?

మర్నాటినుంచి వైద్యం మొదలైంది. పోతురాజు పొద్దున్నే గిన్నెడు నెయ్యి పోసుకుని గారెలు, మధ్యాహ్నం వేపుళ్ళు, సాయంత్రం బజ్జీలు తిని బ్రేవుమని తేన్చి, "నా పనైపోయింది, ఇక నువ్వు మింగు" అనేవాడు. మన్మథరావు పచ్చి మంచినీళ్ళతో మాత్ర మింగేవాడు. అన్నం తినబోతే, "నీ వాటా మింగడమే కదరా, అన్నయ్య పనిలో చెయ్యి పెట్టకు" అనేది తల్లి. ఏ రాత్రికో రెండు ముద్దలు పెట్టేది.

మాత్ర మింగే వేళకి నాగరత్నం గేదెని తోలుకుని ఊరి చివరిదాకా వెళ్ళి, మింగాడని కబురొచ్చాక తిరిగొచ్చేది. ఆ గేదె ఏ రోజూ మాత్రల పెట్టె వైపు కన్నెత్తి చూడలేదు పాపం. దానికున్న ఇంగితం ఆ ఇంట్లో ఇంకొకరికి ఉంటే కథ ఇంతదాకా వచ్చేదా!

బుల్లెబ్బాయి కిటికీలకి గోనెపట్టాలు కట్టించుకుని మంచం దిగడం మానేశాడు. "ఎండ తగిలితే మా వాడి మొహం ఏమైపోవాలి?" అనేవాడు. మరి చేలో పని? అది మన్మథరావు మీద పడింది. మిట్టమధ్యాహ్నం చేలో కలుపు తీస్తూ, పైన సూర్యుణ్ణి చూసి నవ్వుకునేవాడు. "నువ్వు నన్నేం చెయ్యలేవు. మా నాన్న నీడలో ఉన్నాడు."

సూరాయమ్మ పెదాలు రోజుకి నాలుగు పూతలతో నేరేడుపళ్ళలా నిగనిగలాడాయి. మన్మథరావు పెదాలు పగిలి, నవ్వితే నెత్తురొచ్చేది. పదిహేను రోజులకి మొహం కాల్చిన వంకాయలా కందిపోయి తొక్కలు ఊడాయి. తువ్వాలు తగిలినా భగ్గుమనేది. హైమావతి మిషను చప్పుడు వింటూ మిల్లు గోడ పక్కనే ఒకరోజు కళ్ళు తిరిగి కూలబడిపోయాడు.

"మందు పనిచేస్తోందిరా, పాత మొహం పోతోంది!" అని ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు.

నెల తిరిగింది. రక్తపరీక్ష ఎవరి వాటాకీ వెయ్యలేదని అప్పుడు గుర్తొచ్చింది. టౌనులో పరీక్ష చేసేచోట సూది చూడగానే మన్మథరావు తల్లి చీర కుచ్చెళ్ళ వెనక్కి దూరాడు.

"ఎవరి ఒంట్లో రక్తం ఎక్కువుంటే వాళ్ళిస్తే సరి. తమ్ముడు చూడు, పుల్లలా ఉన్నాడు" అని పోతురాజు చొక్కా చెయ్యి మడిచాడు. పరీక్ష చేసేవాడు పేరడిగితే, "మన్మథరావండి" అని ఇంటిల్లిపాదీ ఒక్క గొంతుతో చెప్పారు. మందు మన్మథరావుది కదా, మరి వేరే పేరు చెప్తే అబద్ధమైపోదూ!

అంతే. కాగితం చూడగానే డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "రక్తంలో ఇంత కొవ్వా! ఏం తింటున్నావయ్యా నువ్వు?"

"నేనేం తినడం లేదండి" అన్నాడు మన్మథరావు బలహీనంగా.

"మరి మందు దేనితో వేసుకుంటున్నావు?"

"అన్నయ్య భోజనంతోనండి."

డాక్టరమ్మ వాడి మొహంకేసి చూసింది. "ఎండలో తిరగొద్దన్నానా?"

"నెలరోజులుగా గడప దాటలేదండి!" అన్నాడు బుల్లెబ్బాయి రొమ్ము విరుచుకుని.

"మిమ్మల్ని కాదు. పెదాలకి ఆయింట్‌మెంటు రాయట్లేదా?"

"అయ్యో, గొట్టం అయిపోయిందమ్మా. ఇంకోటి రాయండి" అంది సూరాయమ్మ, నిగనిగలాడే పెదాలు ముందుకి చాచి.

"ఈ రక్తం ఎవరిది?" అంది డాక్టరమ్మ నెమ్మదిగా.

"నాదేనండి" అన్నాడు పోతురాజు. "తక్కువైతే ఇంకొంచెం తీసుకోండి, మొహమాటం లేదు."

డాక్టరమ్మ తల పట్టుకుంది. తర్వాత నిప్పులు చెరిగింది. "మీకేమైనా మతి ఉందా? ఈ కాగితం నమ్మి నేనేం చేసినా ఈ కుర్రాడి ప్రాణం మీదికొచ్చేది! మందు ఎవరిదో తిండి వాళ్ళే తినాలి, నీడలో వాళ్ళే ఉండాలి, రక్తం వాళ్ళే ఇవ్వాలి. ఇకనుంచి ఈ అబ్బాయికి సంబంధించిన ఏ పనైనా ఈ అబ్బాయే చేసుకోవాలి. మీరెవరూ అందులో వేలు పెట్టడానికి వీల్లేదు. అర్థమైందా?"

అర్థమైంది. అదే వచ్చిన చిక్కు.

ఆ రోజే మన్మథరావు కళ్ళు మూసుకుని, హైమావతి చెవి రింగు తలుచుకుంటూ, సొంత రక్తం ఇచ్చాడు. అది బాగానే ఉందని చూసి, మొహం మంట తగ్గాక డాక్టరమ్మ మందు మళ్ళీ మొదలుపెట్టింది. వాడే నెయ్యన్నం తిన్నాడు, వాడే నీడపట్టున ఉన్నాడు, వాడి పెదాలకి వాడే రాసుకున్నాడు, నెలనెలా పరీక్షకి వాడే వెళ్ళాడు. ఇంకేముంది! నాలుగు నెలలు దాటేసరికి గడ్డలు అణిగాయి. అక్కడక్కడా మచ్చలు మిగిలినా, అద్దంలో ఒక మనిషి మొహం కనపడింది. పేరుకి తగ్గట్టు కాదుగానీ, తువ్వాలు అక్కర్లేనంత బాగుంది.

కుట్టుపని కోర్సు ఆఖరి రోజున మన్మథరావు మిల్లు దగ్గర తువ్వాలు తీసి హైమావతికి ఎదురుగా నిలబడ్డాడు. తన మనసులో మాట చెప్పేశాడు.

హైమావతి వాడి మొహం చూసి కిసుక్కున నవ్వింది. "మొటిమలకా ఇన్నాళ్ళూ తువ్వాలు? పంటి నొప్పేమో అనుకున్నానండీ. మా నాన్న బుగ్గలు చూస్తే మీవి నున్నగా ఉన్నట్టే." తర్వాత నవ్వాపి తల దించుకుంది. "మీవాళ్ళని మా ఇంటికి తీసుకురండి. ఈ నెలాఖరులోపే రావాలి. లేకపోతే మా నాన్న మా బావకి మాటిచ్చేస్తాడు."

మన్మథరావు నేల మీద నడిచాడో గాల్లో నడిచాడో, మొత్తానికి ఇంటికొచ్చి పడ్డాడు. "నాన్నా, అమ్మా, బయల్దేరండి. హైమావతి వాళ్ళింటికెళ్ళి సంబంధం మాట్లాడాలి!"

నలుగురూ అరుగు మీద కూర్చున్నారు.

"ఇది నీకు సంబంధించిన పనేనా?" అన్నాడు బుల్లెబ్బాయి.

"నా పెళ్ళే నాన్నా!"

"అయితే మేం వేలు పెట్టకూడదురా. డాక్టరమ్మ అంత గట్టిగా చెప్పింది. ఒకసారి వేలు పెడితే నీ మొహం ఏమైందో చూశాంగా."

"ఆ పిల్లంటే నాకూ ఇష్టమేరా" అని సూరాయమ్మ కళ్ళొత్తుకుంది. "కానీ ఏం చెయ్యను. అన్నీ నువ్వే చేసుకో, నాయనా."

మన్మథరావు ఆలోచించాడు. నిజమే కదా! మందు విషయంలో అన్నీ తనే చేసుకుంటేనే కదా బాగుపడింది! తల్లిదండ్రుల తెలివికి మనసులోనే దణ్ణం పెట్టుకుని, ఒక్కడే కాలవ దాటాడు.

హైమావతి నాన్న చలపతి కుర్చీలు వేయించాడు. "మీవాళ్ళేరి బాబూ?"

"అందరం వచ్చేశామండి" అన్నాడు మన్మథరావు. మొదటి కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలేసుకుని, నాన్నలా గొంతు లావు చేశాడు. "మావాడు బుద్ధిమంతుడండి చలపతిగారూ. నాకు వాణ్ణి చూస్తే గర్వమండి." లేచి రెండో కుర్చీలో అమ్మై కూర్చుని, హైమావతి తల్లికేసి తిరిగాడు. "అమ్మాయికి కుట్టుపని వచ్చు సరే, పచ్చళ్ళు పెట్టడం వచ్చా, వదినగారూ?" మూడో కుర్చీలో కూర్చుని పోతురాజు వాటా కారప్పూస మొత్తం తినేశాడు. నాలుగో కుర్చీలో వదినై, "ఒకసారి నడవమ్మా" అన్నాడు. అయిదో కుర్చీలో పెళ్ళికొడుకై సిగ్గుతో తల వంచుకున్నాడు. మళ్ళీ మొదటి కుర్చీలోకి పరిగెత్తాడు. "ఏరా, అమ్మాయి నచ్చిందా?" మళ్ళీ అయిదో కుర్చీలోకి. "మీ ఇష్టం నాన్నా."

చలపతి నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. తలుపు చాటున హైమావతి నవ్వాలో ఏడవాలో తెలీక కొంగు నోట్లో కుక్కుకుంది. పిచ్చో వెర్రో, వీడికి నా మీద ఎంత ప్రేమ అనుకుంది. "నాన్నా, నాకిష్టమే" అని లోపల్నుంచి అనేసింది కూడా.

చలపతి నిట్టూర్చాడు. "సరే బాబూ. పిల్ల ఒప్పుకుంది, నాకూ అభ్యంతరం లేదు. మరి తాంబూలాలు?"

ఆ ఒక్క క్షణంలో సరేనంటే కథ సుఖంగా ముగిసిపోయేది. కానీ పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారు అక్కడికక్కడే తేల్చడం ఎక్కడైనా ఉందా? మన్మథరావు పెద్దమనిషిలా లేచి, భుజం మీద కండువా సర్దుకున్నాడు. "ఇంటికెళ్ళి అందరం మాట్లాడుకుని కబురు చేస్తామండి."

అంతే, ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని అందరూ తానై మాట్లాడుకోవడం మొదలుపెట్టాడు. నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. హైమావతికి వాళ్ళ బావతో పెళ్ళని శుభలేఖ కూడా వచ్చింది. అది వాడికి చూపిస్తే వేలు పెట్టినట్టవుతుందని బుల్లెబ్బాయి దాన్ని దూలంలో దోపేశాడు. అరుగు మీద మాటలు మాత్రం ఆగలేదు.

ఒకరోజు సూరాయమ్మ ఉండబట్టలేక గుమ్మంలోంచి అడిగింది. "ఏరా, ఇంకా ఎందాకా వచ్చింది?"

"అంతా అయిపోయినట్టేనమ్మా" అన్నాడు మన్మథరావు నీరసంగా. "నాన్న సరేనన్నాడు. అన్నయ్యా వదినా సరేనన్నారు. నేనెప్పుడో సరేనన్నాను. అమ్మ ఒక్కతే బెట్టు చేస్తోంది. ఎంత చెప్పినా వినదు."

సూరాయమ్మ గుండెలు బాదుకుంది. "ఎవత్తిరా ఆ మహాతల్లి! దాని నోరు పడిపోను! అదొక్కతీ ముందే సరేనని ఏడిస్తే ఈపాటికి నా కోడలు ఇంట్లో తిరుగుతుండేది కదరా!"