గోడ మీది నీటి గీత

"ఎర్రమట్టి తేవే వదినా, ఏటిగట్టు మట్టి తేవే,
గోడ నవ్వాలి, గుమ్మం నవ్వాలి..."

ఆ తరవాత ఇంకెవరో నవ్వాలర్రా. ఎవరో గుర్తు రావడం లేదు. చిన్నప్పుడు ఇల్లు అలుకుతూ పాడుకునేవాళ్లం. పోనీలెండి, కథ వినండి.

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, ఒక బొరియలో ముసలి ముళ్లపంది ఉండేది. ఏటా వానాకాలంలో వాగు పొంగి ఇంట్లోకి నీళ్లొచ్చేవి. ఆ చెమ్మకి దాని మోకాళ్లు పట్టేసేవి. ఈసారి వానలు పడకముందే ఇల్లు ఎవరికైనా ఇచ్చేసి, బదులుగా పొడినేల మీద కాస్త చోటు తీసుకోవాలనుకుంది.

బేరాలు కుదిర్చే నక్కని పిలిచింది. నక్క ఇల్లంతా తిరిగి, గోడ మీద నీళ్లు నిలిచిన గీత చూసి మూతి తిప్పింది.

"ఇది కనబడితే ఎవరొస్తారు పిన్నీ? ఎర్రమట్టితో అలికెయ్. గుమ్మంలో ముగ్గు పెట్టు. వెనకాల ఆ వంకర కన్నం ఏమిటి, అసహ్యంగా? పూలకొమ్మలు అడ్డం పెట్టు."

ముళ్లపంది మూలుగుతూ అన్నీ చేసింది.

మొదట ముంగిస వచ్చింది. ముక్కు ఎగబీల్చింది. "పచ్చి అలుకు వాసన. ఏం కప్పడానికో," అని గుమ్మంలోంచే వెళ్లిపోయింది.

తరవాత ఉడుము వచ్చింది. దాని తోక తగిలి మట్టి పెచ్చు ఊడింది. కింద గీత బయటపడింది. ఉడుము గీతని చూసింది, ముళ్లపందిని చూసింది. "ఈ వయసులో మీకిదేం పని," అని వెళ్లిపోయింది.

"పల్చగా అలికావు పిన్నీ," అంది నక్క. "రేపు కుందేలొస్తుంది. దళసరిగా పూయి."

మర్నాడు ముళ్లపంది మట్టి కలిపి కూర్చుంది. మళ్లీ లేవలేకపోయింది. ఇంతలో నిండు చూలాలు కుందేలు ఆయాసపడుతూ వచ్చింది.

"గుట్ట మీద పొద నాది అత్తా. పొడినేలే. కానీ పోయినసారి పిల్లల్ని గద్ద ఎత్తుకుపోయింది. మీకు ముళ్లున్నాయి, మీ జోలికి రాదు. నేనిక తిరగలేను. మీరు బాగుందంటే ఇవాళే మారిపోతాను."

ఒక్క మాట అంటే చాలు. ముళ్లపంది కుందేలు పొట్టకేసి చూసింది. చేతిలో మట్టి కింద పెట్టేసింది.

"ఇలా రా తల్లీ. ఈ గీత చూశావా? నీళ్లు ఇక్కడిదాకా వస్తాయి."

కుందేలు చెవులు వాలిపోయాయి. "మరి మీ పిల్లల్ని ఎలా పెంచారు?" అంది.

ముళ్లపంది పూలకొమ్మలు లాగేసింది. వెనక వంకర కన్నం. "ఇది పైకి పోతుంది. ఎత్తులో ఒక గది తవ్వాను. నీళ్లు అంత ఎత్తు ఎప్పుడూ ఎక్కలేదు. గీత దగ్గర తడి కనబడగానే పిల్లల్ని పైకి తోసేసేదాన్ని."

కుందేలు లోపలికి దూరింది. చాలాసేపటికి గొంతు వినిపించింది. "ఇక్కడ పొడిగా ఉంది అత్తా."

ఆ సాయంత్రమే ఇళ్లు మార్చుకున్నారు. పోతూ పోతూ ముళ్లపంది ఆగింది. "కలిపిన మట్టి ఉంది. ఆ గీత మీద ఓ చెయ్యి వేసి పోనా? చూడ్డానికి బాగుంటుంది."

"వద్దత్తా," అంది కుందేలు. "నా పిల్లలకి ముందు దాన్నే చూపిస్తాను."

నీతి: ఇల్లు ఎవరికిచ్చినా, నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చెప్పి ఇవ్వాలి.