నోట్లో వేపమండ

నల్లగుట్ట అడవిలో జంతువులకి ఒక మంచి అలవాటుండేది. ఇప్పుడు లేదు. అదే నా బాధ.

నీళ్లకి పోవాలంటే రెండు బండల మధ్య ఇరుకు సందొకటే దారి. ఒక్కరు పట్టే సందు. అవతల్నుంచి వచ్చేవాళ్లు వచ్చాక ఇవతలివాళ్లు పోవాలి. కానీ ఎవరైనా నోట్లో వేపమండ కరుచుకుని వస్తే, వాళ్లింట్లో ఎవరికో ప్రాణం మీదికొచ్చిందని అర్థం. వాగుగట్టున వైద్యం చేసే ముసలి తాబేలు ఉండేది మరి. మండ కనబడగానే అందరూ తప్పుకునేవాళ్లు. ఎవరికి, ఏమిటి అని అడిగేవాళ్లు కాదు. నోట్లో మండ పెట్టుకుని జవాబెలా చెబుతారు?

ఎండాకాలం వచ్చింది. సింగారి అనే నక్కకి ఒకరి వెనక నిలబడటమంటే మహా చిరాకు. ఒక పొద్దున సందు ముందు ముసలి అడవిదున్న వీరన్న ఒక్కడే ఆగి ఉన్నాడు. సింగారి ఓ వేపమండ విరిచి నోట్లో పెట్టుకుని వచ్చింది. వీరన్న గబగబా పక్కకి జరిగాడు.

"పో తల్లీ, పో. చల్లగా తగ్గిపోవాలి" అన్నాడు.

సింగారి కడుపునిండా నీళ్లు తాగి, వాగులో నాలుగు మునకలేసి మరీ వచ్చింది.

దారిలో కుందేలు ఎదురై అడిగింది. "అక్కా, మీ ఇంట్లో ఎవరికి బాగాలేదు?"

"ఎవరికేమైందే పిచ్చిదానా! ఆ ముసలాయన నడకకి ఎవరాగుతారు?"

మర్నాడు కుందేలు నోట్లోనూ మండే. దాన్ని చూసి అడవిపంది, పందిని చూసి లేడి. నక్క ఒక్కదాన్నే తిట్టుకుని ఊరుకుందామంటే మనసొప్పదు. వారం తిరిగేసరికి అందరి నోళ్లలోనూ వేపమండలే. ఇవతలివాళ్లు, అవతలివాళ్లు ఒకేసారి సందులో దూరి, ముఖాలానించుకుని నిలబడిపోయేవాళ్లు. వెనక్కి తగ్గడం ఎవరికి నామోషీ కాదు? తెల్లారి నీళ్లకి బయల్దేరిన లేడి మధ్యాహ్నానికి గాని ఇల్లు చేరేది కాదు. పాలకోసం ఏడ్చి ఏడ్చి దాని పిల్లలు నిద్రపోయేవి. మండ పట్టనిది వీరన్న ఒక్కడే. పాపం, అతనికి సాయంత్రం దాకా నీళ్లు లేవు.

ఇలా ఉండగా ఒక పొద్దున సింగారి కూతురు చిట్టిని పాము కరిచింది.

పిల్లని వీపునేసుకుని సింగారి వేపచెట్టు దగ్గరికి పరిగెత్తింది. అందినంత మేరా చెట్టు బోడి. ఎగిరి ఎగిరి ఒక్క మండ తెంపుకుని సందు దగ్గరికొస్తే, కదిలినవాళ్లు లేరు. సింగారి మండ ఉమ్మేసి అరిచింది.

"అయ్యల్లారా, ఈసారి నిజం! నా బిడ్డ చచ్చిపోతోంది!"

పంది మండ తీయకుండానే గొణిగింది. "మా ఇంట్లోనూ నిజమే."

వీరన్న చిట్టి నోట నురగ చూశాడు. "జరగండ్రా! పసిదిరా!" అని బండలదిరేలా రంకె వేశాడు.

ముందు కుందేలు తన మండ పారేసి పక్కకి ఒదిగింది. కానీ సందులో ఉన్నవాళ్లు వెనక్కి జరగాలంటే వాళ్ల వెనకున్నవాళ్లు జరగాలి. వాళ్లకి సంగతి తెలియాలి. తెలిసినా నమ్మాలి. దారి తెరుచుకునేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది.

తాబేలు చిట్టి ఒంటి మీద చెయ్యి వేసి చూసింది. "ఇంకాస్త ముందు తేవాల్సిందమ్మా" అంది.

సింగారికి ఏడుపు కూడా రాలేదు. వెనకే వచ్చిన వీరన్నని చూసి, "తాతా, ఆ మొదటిరోజు నీ వెనక నిలబడి ఉంటే ఎంతసేపు పట్టేది?" అని అడిగింది.

"ఎంతసేపమ్మా, నా తర్వాత నువ్వేగా" అన్నాడు వీరన్న.

లేని ఆపద చెప్పి దారి అడిగినవాళ్లకి, ఆపద నిజంగా వచ్చిన రోజున దారి దొరకదు.