పోస్టరు మీద అంటించిన మాట

రెండు రోజులుగా నిలబడి నిలబడి ఫణీంద్ర కాళ్లు వాచాయి.

విశాఖపట్నంలో డిజిటల్ వైద్యం మీద పెద్ద సదస్సు. ఫణీంద్ర మన్యంలో డాక్టరు. అక్కడి గర్భిణుల కోసం ఫోన్‌లో నడిచే ఒక ఏర్పాటు చేశాడు. రక్తపోటు పెరిగితే ఇంటికి హెచ్చరిక వెళ్తుంది. మొదట్లో బాగానే నడిచింది. తర్వాత హెచ్చరికలు వెళ్తున్నా తల్లులు ఆస్పత్రికి రావడం తగ్గిపోయింది. మొన్న ఫిబ్రవరిలో ఒకామె బాగా ఆలస్యంగా వచ్చింది. బిడ్డ దక్కలేదు.

ఎందుకిలా అవుతోందో అతనికి అంతుపట్టలేదు. సదస్సులో ఎవరైనా చెబుతారేమోనని వచ్చాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, తన పని గురించి పెట్టిన పోస్టరు పక్కన కూర్చున్న డాక్టర్ రహీమున్నీసా దగ్గర కూలబడ్డాడు. కాలేజీలో అతనికి చదువు చెప్పిన గురువు. డెబ్బై దాటాయి.

"ఇంక నావల్ల కాదు మేడమ్. వందమందిని పలకరించి ఉంటాను. జేబు నిండా వాళ్ల కార్డులే. పనికొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు. ఎవరి గొప్పలు వాళ్లవి."

"నువ్వేం చెప్పావు?"

ఫణీంద్ర పోస్టరు వైపు చూపించాడు. నవ్వుతున్న తల్లి బొమ్మ. కింద పెద్ద అక్షరాల్లో: అరవై గ్రామాలు, నాలుగు వేల మంది తల్లులు.

ఆవిడ మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది. ఒక కాగితం మీద ఏదో రాసి, ఆ తల్లి నవ్వు మీద అంటించింది. దాని మీద ఇలా ఉంది:

"మా పని చెడింది. ఎందుకో మాకు తెలియడం లేదు."

"మేడమ్! మా డైరెక్టరుగారు ఇక్కడే తిరుగుతున్నారు."

"తిరగనీ" అని ఆవిడ మళ్లీ కూర్చుని, గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది.

గంట గడిచింది. జనం చదివి, చూపు తిప్పుకుని వెళ్లిపోతున్నారు. కాగితం పీకేద్దామని ఫణీంద్ర రెండుసార్లు చేయి చాచాడు. నిద్రపోతున్న ఆవిణ్ణి చూసి ఆగిపోయాడు.

ఒక నెరిసిన గడ్డం మనిషి ఆగాడు. ఆదిలాబాద్ డాక్టరు, ఆత్రం జంగు. పొద్దున వేదిక మీద తమ పథకం గెలుపు గురించి ఇరవై నిమిషాలు చెప్పినాయనే.

"మాది గూడ చెడింది" అన్నాడు, గొంతు తగ్గించి. "ఇంటికొక్కటే ఫోను. మొగడు మిరపకాయ ఏరనీకి పోతూ జేబుల ఏసుకపోతడు. నీ హెచ్చరిక ఏ గుంటూరులనో మోగుతుంటది తమ్మీ. ఆమెకెట్ల తెలుస్తది?"

ఫణీంద్రకు తన మాటే గుర్తొచ్చింది. ఫిబ్రవరిలో వచ్చిన ఆ తల్లిని "ఫోన్ వచ్చింది కదా, ఎందుకు రాలేదు?" అని కసిరాడు. ఆమె నేల చూస్తూ కూర్చుంది.

"మీరేం చేశారు?" అని అడిగాడు.

"పక్కింటి ముసలామె నంబరు గూడ రాసుకుంటున్నం. సగం నయమైంది."

"పొద్దున ఈ మాట చెప్పలేదే?"

జంగు అలసటగా నవ్వాడు. "ఎవరడిగిన్రు?"

సాయంత్రం లోపల ఇంకో ఇద్దరు వచ్చారు. వాళ్లూ గొంతు తగ్గించే మాట్లాడారు.

హాల్లో లైట్లు ఒక్కొక్కటే ఆర్పేస్తున్నారు. గురుశిష్యులిద్దరూ మెట్లు దిగుతున్నారు.

"వీళ్లందరినీ రెండు రోజుల నుంచీ చూస్తూనే ఉన్నాను మేడమ్" అన్నాడు ఫణీంద్ర.

ఆవిడ అతని భుజం ఆసరాగా పట్టుకుని ఇంకో మెట్టు దిగింది.

"వాళ్లు నిన్ను చూసింది ఇవాళే, బేటా."