చింతాలు మేపిన రాతి గుంట

అనగనగా సముద్రం ఒడ్డున, నల్లరాళ్ళ మధ్య ఇరుక్కున్న ఒక ఊళ్ళో, చింతాలు అనే కోడలూ గవరమ్మ అనే అత్తా ఉండేవాళ్ళు. గవరమ్మకి పళ్ళన్నీ ఊడిపోయాయి. అన్నం సయించదు, జావ సయించదు. పీతల పులుసు మాత్రం గొంతు దిగేది.

ఆ పీతలు దొరికేది రాళ్ళ నడుమ ఒకే ఒక్క గుంటలో. గుంట అడుగున బెల్లం రంగు ఇసుక. ఆ ఇసుకలో దారప్పోగుల్లాంటి పురుగులూ, ఆవగింజంత గుల్లలూ కాపురముండేవి. వాటిని తినడానికి పీతలొచ్చేవి. నీళ్ళు వెనక్కి తీశాక చింతాలు వెళ్ళి, పెద్ద పీతల్ని పట్టుకుని, చేపలు బాగుచేయగా మిగిలిన పేగులు ఒక పిడికెడు గుంటలో వేసి వచ్చేది. తీసుకున్న చోట పిడికెడు పెట్టి రావడం ఆ ఊరి మర్యాద.

ఒకసారి అత్తకి జబ్బు చేసింది. మంచం దిగలేకపోయింది. పిచ్చిది చింతాలు, ఏమనుకుందో తెలుసా? పిడికెడు పెడితేనే ఇన్ని పీతలొస్తుంటే, తట్టెడు పెడితే ఇంకెన్నొస్తాయో అనుకుంది. రోజూ తట్టెడు పేగులు గుమ్మరించింది. నిజంగానే మొదట్లో పీతలు మూగాయి. అత్త ఇంకాస్త పులుసు తాగింది. చింతాలు పొంగిపోయింది.

ఆ తర్వాత ఇసుక బూడిద రంగుకి తిరిగింది. చింతాలు పట్టించుకోలేదు. ఆ తర్వాత కంపు మొదలైంది. ముక్కు మూసుకుని గుమ్మరించింది. ఆ తర్వాత ఇసుక కాటుకలా నల్లబడింది, పీతలు రావడం మానేశాయి. తిండి చాలలేదేమోనని ఆ పిచ్చితల్లి ఇంకో తట్ట వేసింది.

ఒకరోజు మంచం పక్కనుంచి వెళ్తుంటే గవరమ్మ పిలిచింది.

“ఓలె చింతాలూ, నీ కాళ్ళు కుళ్ళిన గుడ్డు కంపు కొడతన్నాయేటే?”

చింతాలు ఉన్నదంతా చెప్పింది. గవరమ్మ మెల్లగా చెప్పింది.

“ఇసక్కీ ఊపిరుంటాదే. ఆ పురుగులు సన్నటి బొక్కలు తవ్వితే, వాట్లోంచి కొత్త నీరు కిందకి దిగుతాది. నువ్వేసిందంతా కుళ్ళి ఆ ఊపిరి తాగేసింది. పురుగులు సచ్చిపోనాయి, బొక్కలు పూడిపోనాయి. ఇంక పీత ఏటి తింటాది?”

“నీకోసమే అత్తా.”

“నాకు తెల్దేటే,” అని గవరమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. “ఇంకేటీ ఎయ్యకు. అలలే కడుగుతాయి.”

అప్పటినుంచి చింతాలు ఏమీ వేయలేదు. రోజూ వెళ్ళి చూసి, వట్టి చేతులతో తిరిగొచ్చేది. జావ కాచి పట్టేది. కోడలు నొచ్చుకుంటుందని గవరమ్మ రెండు గుక్కలు మింగేది. చలికాలం వెళ్ళకముందే ఆ రెండు గుక్కలూ దిగలేదు. గవరమ్మ కన్నుమూసింది.

ఆ తర్వాత సముద్రంలో ఎన్నో ఆటుపోట్లు వచ్చి పోయాయి. ఒక తుఫాను గుంటని కడిగి పోయింది. ఒకరోజు చింతాలు వంగి చూస్తే, ఇసుకలో సూదిమొనంత బొక్క కనిపించింది. దాని చుట్టూ రవ్వంత బెల్లం రంగు. పక్కనే గోరంత పీత పిల్ల.

చింతాలు దాన్ని ముట్టుకోలేదు. రాతి మీద కూర్చుని, “వచ్చేసాయి అత్తా,” అంది. ఆ మాట చెప్పడానికి ఇంటికి పరిగెత్తాలనిపించింది, కానీ మంచం ఖాళీగా ఉంది కదమ్మా.

గుంట ఊపిరి పీల్చింది,
అల వెనక్కి మళ్ళింది,
కథ కంచి దారి పట్టింది,
నా తల్లికి నిద్ర ముంచుకొచ్చింది.