రెండో రాయి

మంచుకోన అనే అడవిలో ఒక ఎలుగుబంటి, ఒక ముసలి ముళ్లపంది, ఒక పట్టు తేనెటీగలు ఉండేవి. పేరుకు మంచుకోనే గానీ అక్కడ మంచు పడేది ఏడాదికి మూడు నెలలే. ఆ పేరు ఎవరు పెట్టారో, ఏం చూసి పెట్టారో తెలియదు.

ఆ కోనలో జంతువులు ఐరిస్ పూలు పెంచేవి. వాటి ఆకులు కత్తుల్లా ఉంటాయి. దుంప నేలపైకి తేలి ఉంటుంది. పువ్వు కింది రేకుల మీద గడ్డంలా నూగు ఉంటుంది. చాలా మొక్కలు వసంతంలో ఒక్కసారి పూసి ఊరుకుంటాయి. కొన్ని మాత్రం వానలు వెనకపట్టాక మళ్లీ పూస్తాయి. అప్పటికి కోనలో ఇంకే పువ్వూ ఉండదు. ఆ రెండో పూత లేకపోతే చలికాలంలో తేనెటీగలు బతకవు.

అందుకే ఒక కట్టుబాటు ఉండేది. ఒకసారి పూసే మొక్క పక్కన ఒక రాయి. రెండుసార్లు పూసేదాని పక్కన రెండు. రెండో రాయి పెట్టాలంటే వరసగా రెండేళ్లు రెండో పూతను కళ్లతో చూడాలి.

ముళ్లపంది పేరు ముళ్లవ్వ. ఆమె తోటలో ముప్పై మొక్కలుంటే మూడింటికే రెండు రాళ్లు. రెండో పూతకు ఎండల్లో నీళ్లు కావాలి గనుక, ఎండాకాలమంతా ఆ మూడింటికే వాగు నుంచి నీళ్లు మోసేది. వాగు దూరం. ఒకప్పుడు దగ్గరగానే పారేదట, ఆ సంగతి ఇప్పుడెందుకులే. దోవలో నాలుగుచోట్ల కూర్చునేది.

ఎలుగుబంటి గుబురయ్యకు అంత ఓపిక లేదు. తన తోటలో వసంతంలో పెద్ద పువ్వు పూసిన ప్రతి మొక్కకూ రెండో రాయి పెట్టేశాడు.

"ఇవన్నీ మళ్లీ పూయడం చూశావా నాయనా?" అంది ముళ్లవ్వ.

"చూడటమెందుకవ్వా? ఇంత పువ్వు పూసింది మళ్లీ పూయదా? నువ్వు నీ మూడింటి దగ్గర కూర్చో."

"కూర్చోమంటే నాకూ ఇష్టమే," అంది ముళ్లవ్వ. కడవ తీసుకుని వాగుకు నడిచింది.

రాణి ఈగ రెండు తోటల్లోనూ రాళ్లు చూసింది. జంట రాళ్లు ఎక్కువున్నాయని గుబురయ్య తోటలోని చెట్టుకే పట్టు పెట్టించింది. చలికాలంలో అతనికి దొప్పెడు తేనె ఇస్తానంది.

రెండు రాళ్లున్నాయి కదా అని గుబురయ్య ఎండాకాలమంతా అన్ని మొక్కలకూ నీళ్లు పోశాడు. ఒక్కసారి పూసే రకాలు ఆ రోజుల్లో పొడినేలలో ఊరికే ఉండాలి. వాటి దుంపలు మెత్తబడ్డాయి. పక్కనున్న దుంపలకూ కుళ్లు పట్టింది. వానలు వెళ్లేసరికి తోటలో వాసన తప్ప ఏమీ మిగల్లేదు.

"గుబురయ్యా, పువ్వులేవి?" అంది రాణి ఈగ. అప్పటికే రోజూ కొన్ని ఈగలు ఆకలికి రాలిపోతున్నాయి.

గుబురయ్య రాళ్ల వంక చూశాడు. రాళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ముళ్లవ్వ తోటలో మూడు మొక్కలూ పూశాయి. మిగిలిన ఈగలు అక్కడికి చేరాయి. ఆ తేనె వాటికే బొటాబొటిగా సరిపోయింది. గుబురయ్యకు దొప్ప రాలేదు. ఆ చలికాలం అతను ఆకలితోనే గడిపాడు.

చలి పోయాక చిక్కిపోయి ముళ్లవ్వ దగ్గరికి వచ్చాడు.  ఆమె ఒక దుంపముక్క విరిచి అతని చేతిలో పెట్టింది.

"రాళ్లు కూడా ఇవ్వనా?"

"వద్దవ్వా. ముందు చూస్తాను."

"రెండేళ్లు పడుతుంది. ఈలోగా ఆ కడవ అందుకో. నా నడుము వంగడం లేదు."

గుబురయ్య కడవ ఎత్తుకున్నాడు. ముళ్లవ్వ కూర్చుంది.

నీతి: కళ్లతో చూడకముందే గుణం తేల్చి గుర్తు పెట్టేవాడు, తనతోపాటు ఆ గుర్తును నమ్మినవాళ్లనూ ముంచుతాడు.