శనగ వేరు మీద గులాబీ గది

ఒకప్పుడు శనగమ్మ వేళ్లు దారపు పోగుల్లా నున్నగా ఉండేవి. వాటి మీద ఒక్క బుడిపె కూడా ఉండేది కాదు.

శనగమ్మది మెత్తని మనసు. నల్లరేగడి మట్టిలో ఆమె వేళ్ల చుట్టూ కంటికి కనపడనంత చిన్న జీవులు బోలెడు తిరిగేవి. అందరినీ "రండి, రండి" అని పిలిచి తియ్యని రసం పోసేది.

వాళ్లలో ఒకడి పేరు నలుసు. వాడికి ఒక గొప్ప వంట వచ్చు. మట్టి సందుల్లో గాలిని పట్టి, వండి, శనగమ్మకు బలం చేసి పెట్టేవాడు. ఆ బలంతోనే ఆమె ఆకులు పచ్చగా నిగనిగలాడేవి. నలుసుకి శనగమ్మంటే ప్రాణం. మిగతావాళ్లా? తాగేవాళ్లు, పడుకునేవాళ్లు.

పక్క సాలులో జొన్నక్క ఇదంతా చూసేది. "ఏం తమ్ముడూ, వండేది నువ్వు, వడ్డన ఊరందరికీనా?" అంది ఒకరోజు.

ఆ మాట నలుసు గుండెలో నిప్పులా పడింది.

"శనగా, నా పక్కవాడికి నాకంటే ఎక్కువ పోశావు. నేను చూశాలే."

"అయ్యో! ఈ మట్టి చీకట్లో నాకు అందరూ నలుసులాగే ఉంటారు" అని కిలకిలా నవ్వింది శనగమ్మ.

ఆ నవ్వుకి వాడు ఇంకా మండిపోయాడు. అలిగి పొయ్యి ఆర్పేశాడు.

సరిగ్గా పూత వేళ అది. శనగమ్మ ఆకులు పసుపెక్కాయి. పూలు ఒక్కొక్కటే రాలాయి. పూత లేకపోతే కాయ లేదు. కాయ లేకపోతే గింజ లేదు.

"నేను పోతే పోనీ. నా వంశమే ఆగిపోతుంది నలుసూ!" అని ఏడ్చింది.

నలుసు కరిగాడు. వాడి అసూయ మాత్రం కరగలేదు. "అయితే నన్నొక్కడినే పిలువు. ఇంకెవరికీ తలుపు తియ్యకు."

శనగమ్మ వాడి కోసం ఒక కొత్త వాసన వదిలింది. వాడు దానికి తియ్యని జవాబిచ్చాడు. ఆ జవాబు అందితేనే వేరు తలుపు తెరుచుకునేది. పొయ్యి మళ్లీ రాజుకుంది. మిగిలిన పూలు కాయలయ్యాయి. వాసనని ఆమె తన గింజల్లో దాచింది. జవాబుని వాడు తన పిల్లల్లో దాచాడు.

ఊరికే తాగి పడుకునే ఆ దొంగలు ఊరుకుంటారా? జవాబు నేర్చుకుని వచ్చారు. అందుకని శనగమ్మ కూతురు వాసన కొంచెం మార్చింది. నలుసు కొడుకు జవాబు కొంచెం మార్చాడు. మనవరాలు ఇంకొంచెం, మనవడు ఇంకొంచెం. అలా తరాలు గడిచేసరికి వాళ్లు ఒకరికొకరు తప్ప ఇంకెవరికీ సరిపోకుండా తయారయ్యారు.

అసూయ కూడా వంశంలో అలాగే దిగింది. "ఆ గాలి నీ ఆకులు నిమురుతుంది, సరే. నా పొయ్యి మీదకీ రావాలా? ఎక్కువొస్తే వంట పాడైపోతుంది!" అని పేచీ పెట్టాడు మునిమనవడు నలుసు.

ఆనాటి శనగ నిట్టూర్చింది. వేరు మీద బుడిపెలాంటి గది కట్టింది. గాలిని కొంచెం కొంచెంగా పంపే గులాబీ రంగు లోపలంతా పూసింది.

"ఇందులోకొచ్చి కుదురుకుంటే మళ్లీ బయటికి పోలేవు. నీకిక పిల్లలు పుట్టరు. బయట ఉండిపోయిన నీ అన్నదమ్ముల పిల్లలే నీ వంశం. ఆలోచించుకో" అంది.

"ఇంకెవరూ రారుగా?" అని మాత్రం అడిగాడు వాడు.

"రారు."

వాడు లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకుంది.

అప్పటినుంచే శనగ వేళ్లకు బుడిపెలు. గోటితో చిదిమి చూడండి, లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. పెసర చేలో ఉండే నలుసు వచ్చి ఎంత బతిమాలినా శనగ తలుపు తియ్యదు. అందుకే శనగ ఎరగని చేలో మొదటిసారి విత్తేటప్పుడు నలుసు వంశం ఉన్న పాత శనగచేను మట్టి తెచ్చి కలుపుతారు. కలపకపోతే శనగ ఆ వాసన వదులుతూనే ఉంటుంది, జవాబు రాక పసుపెక్కిపోతుంది.